సెయింట్ ఆండ్రూస్ డిప్పులో నా పేరు

మా ఆఫీసులో నా కుర్చీకి ఎదురుగోడ మీద పదకొండేళ్ళుగా ఒక పటం ఉంది. కొత్తగా వచ్చే క్లయింట్లలో చాలామంది దాన్ని లేఅవుట్ ప్లాను అనుకుని, ఎక్కడ వేస్తున్నారు, గజం ఎంత అని అడుగుతారు. విశాఖపట్నంలో ఒక చార్టర్డ్ అకౌంటెంటు గోడ మీద పటం ఉంటే అది ఇంకేమై ఉంటుంది కనుక! నిజానికి అది స్కాట్లాండ్‌లోని సెయింట్ ఆండ్రూస్ అనే ఊళ్ళో ఉన్న ఓల్డ్ కోర్స్ అనే గోల్ఫ్ మైదానం పటం. గోల్ఫ్ మైదానాల రూపశిల్పి ఆలిస్టర్ మెకెంజీ కొలతలు తీసి 1924లో గీసిన దానికి నకలు. ఆడిట్ల రద్దీలో తల వేడెక్కినప్పుడల్లా బంతిని తొలి దెబ్బ కొట్టే చోటు, అంటే ఒకటో టీ దగ్గర బయలుదేరి, హోల్ ఉండే నున్నటి గడ్డి మడి, అంటే పద్ధెనిమిదో గ్రీన్ చేరేదాకా ఆ పటం మీద చూపుతోనే ఒక రౌండు ఆడేసేవాణ్ణి. దెబ్బలు ఎంత తగ్గితే అంత మేలైన ఈ ఆటలో, ఆ రౌండ్లలో నా స్కోరు ఎన్నడూ 80 దాటలేదు.

నలభై దాటిన కొత్తలో డాక్టరు రోజూ నడవమంటే, ఊరికే నడవడం చేతకాక, ముడసర్లోవ దగ్గరి ఈస్ట్ పాయింట్ గోల్ఫ్ క్లబ్‌కు వెళ్ళడం మొదలుపెట్టాను. ఆట మధ్యవయసులో పట్టుకున్నవాడికి నైపుణ్యం కంటే ముందు పిచ్చి ముదురుతుంది. రౌండు అయ్యాక టీ తాగుతూ కూర్చున్నప్పుడు ఎవరి కలల కోర్సులు వారు చెప్పుకుంటారు. ఒకరికి అమెరికాలోని అగస్టా నేషనల్, ఒకరికి పైన్ వ్యాలీ, ఒకరికి కాలిఫోర్నియా సముద్రపు కొండ అంచు మీది సైప్రస్ పాయింట్. ఈ మూడింటిలోనూ సభ్యుడెవరైనా వెంట తీసుకువెళ్తే తప్ప మనలాంటివాడు అడుగుపెట్టే వీలు లేదు, జేబులో ఎంత ఉన్నా సరే. పెబుల్ బీచ్‌లో ఎవరైనా ఆడవచ్చు గాని, ఒక్క రౌండుకు 600 డాలర్లకు పైగా చెల్లించాలి. స్కాట్లాండ్‌లోనే ఉన్న మ్యూర్‌ఫీల్డ్ బయటివారిని వారంలో కొన్ని రోజులు మాత్రమే రానిస్తుంది.

ఓల్డ్ కోర్స్ సంగతి వేరు. ఒకటో టీ వెనుక కనిపించే రాతి భవనం ఆర్ అండ్ ఏ (రాయల్ అండ్ ఏన్షెంట్) గోల్ఫ్ క్లబ్‌ది కావడంతో కోర్సు కూడా ఆ క్లబ్‌దేనని చాలామంది పొరబడతారు. ఆ నేల మాత్రం ఊరుమ్మడిది. 1552లో అక్కడి ఆర్చ్‌బిషప్ హామిల్టన్ ఇచ్చిన పత్రంలోనే ఆ ఇసుక నేలల మీద గోల్ఫ్ ఆడుకునే హక్కు ఊరివాళ్ళదని ఉంది. 1974లో బ్రిటిష్ పార్లమెంటు చేసిన చట్టం కింద ఏర్పడిన ట్రస్టు ఇప్పుడు దాన్ని నడుపుతోంది. ఐదు శతాబ్దాలకు పైగా ఆడుతున్న నేల, గోల్ఫ్‌లో పేరుమోసిన పోటీ ఓపెన్ ఛాంపియన్‌షిప్‌లు జరిగే నేల, నాలాంటి గుమాస్తా ఆటగాణ్ణి కూడా రానిస్తుందన్నదే నన్ను ఆ పటానికి కట్టిపడేసింది. రానివ్వడం వేరు, రోజుకు దొరికే కొద్ది చోట్లలో మన పేరు ఉండడం వేరు అన్నది అక్కడికి వెళ్ళాక గాని పూర్తిగా తెలిసిరాలేదు.

మొదటి అడ్డంకి మాత్రం ఇంట్లోనే ఎదురైంది. ఓల్డ్ కోర్స్‌లో ఆడాలంటే అధికారిక హ్యాండిక్యాప్ చూపించాలి. ఆటగాడి స్థాయిని చెప్పే అంకె అది, ఎంత తక్కువైతే అంత మంచి ఆట. ఇన్నేళ్ళూ స్నేహితులతో సరదాగా ఆడినవాణ్ణే తప్ప స్కోరు కార్డులు పద్ధతిగా నమోదు చేసిన పాపాన పోలేదు. ఎవరడిగినా నాది పద్నాలుగు అని చెప్పుకునేవాణ్ణి. 2023 చివర్లో కూర్చుని ప్రతి రౌండూ నమోదు చేయడం మొదలుపెట్టాను. ఇప్పటి ప్రపంచ పద్ధతి ప్రకారం చివరి 20 రౌండ్లలో మేలైన 8 రౌండ్ల ఆధారంగా హ్యాండిక్యాప్ తేలుతుంది. రెండడుగుల దూరంలోని బంతిని పడినట్టే లెక్కవేసుకునే గిమ్మీలు, మొదటి టీ మీద ఉచితంగా తీసుకునే రెండో దెబ్బ, ఇవన్నీ పక్కకుపోయి ఉన్నది ఉన్నట్టు రాస్తే 19.7 వచ్చింది. ఊరందరి లెక్కలూ సరిచూసేవాడి సొంత లెక్కలో అంత పెద్ద తేడా ఉందని మా బృందం నెలరోజులు నవ్వుకుంది.

రెండోది, ఏ దారిన వెళ్ళాలన్నది. ముందు సంవత్సరమే దరఖాస్తు పెట్టుకుంటే నిశ్చితమైన టీ టైమ్, అంటే ఆట మొదలుపెట్టే వేళ, దొరికే అవకాశం ఉంటుంది గాని, నేను కళ్ళు తెరిచేసరికి ఆ గడువు దాటిపోయింది. హోటలుతో, మరో రెండు కోర్సులతో కలిపి టీ టైమ్‌ను ఖాయంగా ఇచ్చే ప్యాకేజీలు ఉన్నాయి. వాటి ధర చూసి ఆ పేజీ మూసేశాను. మిగిలింది బ్యాలెట్ అనే లాటరీ. ఆడదలచిన రోజుకు రెండు రోజుల ముందు, మధ్యాహ్నం రెండు గంటలలోపు, కనీసం ఇద్దరు కలిసి పేర్లు ఇవ్వాలి. సాయంత్రానికి ఫలితం వస్తుంది. తగిలితే 320 పౌండ్లు కట్టి ఆడాలి, తగలకపోతే మర్నాడు మళ్ళీ వేయాలి. 2024 వేసవి ధర అది, మన డబ్బుల్లో సుమారు 34 వేల రూపాయలు. తిరుమలలో సుప్రభాత సేవకు డిప్పులో పేరు వేసి ఫోను చేతిలో పట్టుకుని కూర్చున్న అనుభవం ఉన్న తెలుగువాడికి ఈ పద్ధతి విడమరచి చెప్పనవసరం లేదు.

ఇద్దరు కావాలన్న నిబంధనకు నా దగ్గర జవాబు సిద్ధంగా ఉంది. మా బావమరిది డండీలో డాక్టరు. టే నది మీది వంతెన దాటి అరగంట కారులో వస్తే సెయింట్ ఆండ్రూస్. పదిహేనేళ్ళుగా అక్కడే ఉంటూ, ఆట నేర్చుకుని కూడా ఓల్డ్ కోర్స్‌లో ఆడలేదు. ఎందుకురా అంటే, “మీరొస్తే కలిసి ఆడదామని ఆగాను బావగారూ” అన్నాడు. అందులో నిజమెంతో, బద్ధకమెంతో వాళ్ళ అక్కకు తెలుసు. ఏమైతేనేం, జూన్ మధ్యలో వారం రోజులు సెలవు పెట్టాడు. మా ఆవిడ తమ్ముణ్ణి చూడాలని, నేను పటంలోని నేలను చూడాలని బయలుదేరాం.

మేం బుధవారం దిగాం. గోల్ఫ్ కర్రలు, అదే నా క్లబ్బుల సంచీ దిగలేదు. విమానం మారిన చోట ఆగిపోయిందన్నారు, రేపు వస్తుందన్నారు, ఆ రేపు శనివారానికి వచ్చింది. సంచీ లేకపోయినా పేరు వేయడానికి అడ్డం లేదు కాబట్టి గురువారం ఉదయం మా వాడు ల్యాప్‌టాప్ ముందు కూర్చుని శనివారం ఆటకు ఇద్దరి వివరాలూ, హ్యాండిక్యాప్‌లూ, వీలైన వేళలూ నింపాడు. వేళ దగ్గర “ఎప్పుడైనా” అని పెట్టాం. ఆ సాయంత్రం వంటింట్లో బల్ల చుట్టూ ముగ్గురం కూర్చుని ఫలితం చూశాం. తగల్లేదు. మొదటి రోజే తగిలితే రుచేముంటుందని సర్దిచెప్పుకున్నాం. శుక్రవారం వేయడానికి బ్యాలెట్టే లేదు, ఎందుకంటే ఆదివారాలు ఓల్డ్ కోర్స్‌లో ఆట ఉండదు. శనివారం, ఆదివారం, సోమవారం వరుసగా వేశాం, మూడుసార్లూ తగల్లేదు. “సేవ టికెట్టు కోసం కూడా మీరింత తాపత్రయపడింది లేదు” అని మా ఆవిడ అన్నప్పుడు నా దగ్గర సమాధానం లేకపోయింది.

ఈలోగా ఖాళీగా ఉన్నామని కాదు. పక్కనే ఉన్న న్యూ కోర్స్‌లో శుక్రవారం అద్దె క్లబ్బులతో ఆడాం. పేరు కొత్తదైనా అది 1895 నాటిది, ఓల్డ్ టామ్ మోరిస్ రూపొందించినది. ఆయన దాదాపు నాలుగు దశాబ్దాలు ఓల్డ్ కోర్స్ బాగోగులు చూసినవాడు. ఒక ముసురు పట్టిన ఉదయం కూలిపోయిన కెథడ్రల్ ఆవరణలో ఆయన సమాధినీ, కొడుకు స్మారకాన్నీ చూశాం. వరుసగా నాలుగు ఓపెన్‌లు గెలిచిన ఆ కుర్రవాడు 1875లో ఇరవై నాలుగేళ్ళకే చనిపోయాడు. గోడలో చెక్కిన శిల్పంలో టోపీ పెట్టుకుని, నడుము కొద్దిగా వంచి, బంతి కొట్టడానికి సిద్ధంగా నిలబడి ఉన్నాడు. తండ్రి ఆ తర్వాత ముప్ఫై మూడేళ్ళు బతికాడు. మా వాడు గొడుగు పట్టుకుని చాలాసేపు ఆ శిల్పం ముందే నిలబడ్డాడు.

ఈ ప్రయాణంలో నాకు బాగా పనికొచ్చింది ఆదివారం. ఆట లేని ఆ రోజున కోర్సు ఊరివాళ్ళ షికారు మైదానం అవుతుంది. కుక్కలను తిప్పేవాళ్ళు, పిల్లల బళ్ళు తోసేవాళ్ళు, స్విల్కన్ వంతెన మీద ఫోటోల కోసం వరుస కట్టినవాళ్ళు కనిపించారు. పూర్వం గొర్రెల కాపరులు దాటిన ఆ చిన్న రాతి వంతెన ముందు 2023లో రాళ్ళు పరిచి అరుగులాంటిది కట్టబోతే, లోకమంతా వెక్కిరించిందని కొద్ది రోజుల్లోనే తీసేశారు. టికెట్టు లేదు, గేటు లేదు, అడిగే మనిషి లేడు. నేను 34 వేలు చేతబట్టుకుని కాచుకుని ఉన్న నేల మీద ఒక ముసలాయన బూట్లు విప్పి నడుస్తున్నాడు. మా ఆవిడ తెచ్చిన పులిహోర డబ్బా విప్పి పదహారో ఫెయిర్‌వే, అంటే టీకీ గ్రీన్‌కూ నడుమ పొట్టి గడ్డి బాట, అంచున కూర్చుని తిన్నాం. మొదట నాకు కొంత నిరాశ కలిగిన మాట కూడా దాచను. పటంలో వంపులతో, నీడలతో అంత అందంగా కనిపించిన చోటు కళ్ళ ముందు గుట్టలూ గుంటలూ నిండిన బీడులా ఉంది. చెట్టు లేదు, చెరువు లేదు. ముళ్ళపొదలు, గాలి, దూరంగా ఈడెన్ నది సముద్రంలో కలిసే చోటు, అంతే.

అప్పుడు మా వాడికి ఒక ఆలోచన వచ్చింది. అందరిలా ఒకటో హోల్ నుంచి కాకుండా పద్ధెనిమిది నుంచి వెనక్కి నడుద్దామన్నాడు. ఒకప్పుడు ఈ కోర్సును అటునుంచి ఇటు, ఇటునుంచి అటు రెండు దిక్కులా ఆడేవారు. ఇప్పటి దిక్కు స్థిరపడినా బంకర్లు అనే ఇసుక గుంటలు మాత్రం రెండు ఆటలవీ అలాగే మిగిలిపోయాయి. తిరగేసి నడుస్తుంటే ఆ సంగతి కళ్ళకు కట్టింది. వెనక్కి తిరిగి టీ వైపు నుంచి చూసినప్పుడు మెత్తని గడ్డి తిన్నెలా ఉన్నచోట, అవతలి నుంచి చూస్తే నోళ్ళు తెరుచుకుని మూడు బంకర్లు ఉన్నాయి. పన్నెండో హోల్‌లోనైతే ఫెయిర్‌వే నడుమ ఉన్నవాటిలో ఒక్కటి కూడా టీ నుంచి కనిపించదు. మొత్తం 112 బంకర్లు ఉన్నాయంటారు. నేను జేబులోని చిన్న పుస్తకంలో ముప్ఫై దాకా గుర్తు పెట్టుకున్నాను. గ్రీన్లూ అంతే. పద్ధెనిమిది హోల్స్‌కు సొంత గ్రీన్ ఉన్నవి నాలుగే. మిగతా పద్నాలుగూ జంటలుగా ఏడు పెద్ద గ్రీన్లను పంచుకుంటాయి. రెండో హోల్‌కు పదహారు, మూడుకు పదిహేను, అలా ఏ జంటను కూడినా పద్ధెనిమిదే వస్తుంది. వెళ్ళేటప్పటివి తెల్ల జెండాలు, వచ్చేటప్పటివి ఎర్ర జెండాలు. ఐదు, పదమూడు పంచుకునే గ్రీన్ ఒక్కటే ఎకరానికి కాస్త తక్కువగా ఉంటుంది. మన పల్లెల్లో ఒక కుటుంబం బతికే పొలమంత.

బుధవారంతో బావమరిది సెలవు అయిపోయింది. మిగిలింది ఒంటరి ఆటగాళ్ళ దారి. అంతకు ముందు వరకు జంట లేనివాళ్ళు తెల్లవారుజామున, కొందరైతే ముందు రాత్రే వచ్చి, ఆటగాళ్ళను వరుసగా పంపే స్టార్టర్ గది బయట చలిలో వరుస కట్టేవారు. 2024 నుంచి ఆ వరుస తీసేసి దీనికీ డ్రా పెట్టారు. ఆడే రోజుకు ముందు రోజు స్వయంగా అక్కడికి వెళ్ళి పేరు ఇవ్వాలి, సాయంత్రం ఐదు తర్వాత డ్రా తీసి ఫోనుకు సందేశం పంపుతారు. ఆ రోజు జట్లలో ఎక్కడైనా ముగ్గురే ఉంటే నాలుగో మనిషిగా మనల్ని కలుపుతారు. ఈ దారి ఉందని నాకు మొదటి నుంచీ తెలుసు. తెలిసే దాని జోలికి వెళ్ళలేదు. నాకోసం సెలవు పెట్టి, రోజూ పేర్లు వేసినవాణ్ణి పక్కన ఉంచుకుని నేనొక్కణ్ణే వెళ్ళి పేరివ్వడం ఎలా? మంగళవారం రాత్రి ఈ మాట ఎత్తింది కూడా వాడే. “నేను ఇక్కడే ఉండేవాణ్ణి బావగారూ, మీరు మళ్ళీ ఎప్పుడొస్తారు? రేపు వెళ్ళి పేరివ్వండి” అన్నాడు. వాళ్ళక్క కూడా అదే మాట అంది. ఒప్పుకోవడానికి నాకు పట్టవలసినంత సేపు పట్టలేదని ఇప్పుడు రాస్తుంటే సిగ్గుగా ఉంది.

బుధవారం మా వాడే కారులో దింపితే వెళ్ళి, పాస్‌పోర్టు, హ్యాండిక్యాప్ చూపించి పేరు ఇచ్చాను. తగల్లేదు. గురువారం డండీ నుంచి బస్సులో వెళ్ళాను. కౌంటరులోని అమ్మాయి నా కాగితం చూసి విశాఖపట్నం అన్న పేరును మూడు ముక్కలుగా విరిచి పలికి, సరిగ్గా పలికానా అని అడిగింది. చాలా బాగా పలికావన్నాను. ఆ సాయంత్రం మేం ముగ్గురం కూరగాయల దుకాణంలో ఉన్నాం. మా ఆవిడ బెండకాయలు ఒక్కొక్కటే కొస విరిచి చూస్తోంది, అలా విరవకూడదక్కా అని తమ్ముడు చిన్నగొంతుతో బతిమాలుతున్నాడు, నా జేబులో ఫోను ఒక్కసారి అదిరింది. శుక్రవారం సాయంత్రం 4 గంటల 10 నిమిషాలు, ఓల్డ్ కోర్స్. రెండుసార్లు చదివాను. ఫోను వాడి చేతికిచ్చాను. వాడు చదివి, ఏమీ అనకుండా, నా చేతిలోని బెండకాయల సంచీ తీసుకుని బిల్లు కట్టడానికి వెళ్ళాడు.

శుక్రవారం నన్ను కలిపిన జట్టులో కెనడా నుంచి వచ్చిన తండ్రీ కూతుళ్ళు, వాళ్ళ కుటుంబ మిత్రుడు ఉన్నారు. బ్యాలెట్‌లో ఆరోసారికి తగిలిందట. సంచీ మోసి సలహా చెప్పే క్యాడీగా దొరికినాయన అరవై దాటిన మనిషి, మితభాషి. నా సంచీ తెరిచి అందులోని డజను బంతుల్లో ఎనిమిది తీసి బయట పెట్టించాడు. ఇక్కడ నీళ్ళు ఒక్క కాలువలోనే ఉన్నాయి, మిగతా బంతులన్నీ దొరుకుతాయి, ఈ బరువెందుకు అన్నాడు.

ఒకటో టీ మీద నిలబడితే ఎదురుగా లోకంలోకెల్లా వెడల్పైన ఫెయిర్‌వే. ఒకటీ, పద్ధెనిమిదీ కలిసి వంద గజాలు దాటిన మైదానం. అందులోకి బంతి కొట్టలేనివాడు ఎక్కడా కొట్టలేడని అందరూ అంటారు. వెనుక క్లబ్ కిటికీలు, పక్కన కంచె పట్టుకుని చూస్తున్న ఊరూ యాత్రికులూ, స్టార్టర్ నోట మన పేరు. నా మోకాళ్ళ సంగతి చెప్పను. క్లబ్బు బంతి నెత్తిన తగిలి, అది గజం ఎత్తు కూడా లేవకుండా దొర్లుకుంటూ పోయింది. మా ఊళ్ళో అయితే ఎనభై గజాల దగ్గర గడ్డిలో ఆగేది. అక్కడ నేల గట్టిది, గడ్డి పొట్టిది, అడుగున ఇసుక. దొర్లుతూ దొర్లుతూ నూట డెబ్భై గజాలు వెళ్ళింది. ఎవరో చప్పట్లు కూడా కొట్టారు. గ్రీన్‌కు ఆనుకుని పారే స్విల్కన్ కాలువ ముందు ఆగి, దాటించి, ఆరు దెబ్బల్లో ముగించాను.

లింక్స్ అనే సముద్రపు ఒడ్డు ఇసుక నేలల మీద ఆట అంటే ఏమిటో అక్కడి నుంచి గంటలో తెలిసింది. మన దగ్గర బంతిని గాలిలో లేపి జెండా పక్కన దింపడం నేర్పుతారు. అక్కడ అలా దింపిన బంతి గ్రీన్ మీద ఆగదు. నలభై గజాల దూరం నుంచి క్యాడీ నా చేతికి పటర్, గ్రీన్ మీద బంతిని దొర్లించే క్లబ్బు, ఇచ్చాడు. పొరపాటున ఇచ్చాడనుకుని వెనక్కి ఇవ్వబోయాను. ఆయన తల అడ్డంగా ఊపి, జెండాకు ఎడమగా పదిహేను అడుగుల అవతల ఉన్న ఒక గుట్టను చూపించాడు. దాని మీదికి కొట్టాను. బంతి గుట్ట ఎక్కి, ఒక క్షణం ఆలోచించినట్టు ఆగి, కుడికి తిరిగి జారి నాలుగు అడుగుల దగ్గర నిలిచింది. ఆ తర్వాత రౌండంతా ఆయన ఏది చేతికిస్తే దానితో ఆడాను.

తొమ్మిది హోల్స్ ముగిసేసరికి 46. నా స్థాయికి మంచి ఆట. పదకొండో హోల్ ఒకటీ నా పటం మీద ఎప్పుడూ రెండు దెబ్బల్లో పూర్తయ్యేది. 174 గజాల చిన్న హోల్, ముందుకు వాలిన గ్రీన్, ఎడమ హిల్ బంకర్, ముందు కుడివైపు స్ట్రాత్ బంకర్, వెనుక నది. 1921 ఓపెన్‌లో కుర్రవాడైన బాబీ జోన్స్ ఇక్కడే హిల్ బంకర్‌లో చిక్కుకుని పోటీ విడిచి వెళ్ళిపోయాడు. ఆ మనిషే 1927లో ఇదే కోర్సులో ఓపెన్ గెలిచాడు. నా బంతి స్ట్రాత్‌లో పడింది. బంకర్ గోడ మన్నుతోనూ గడ్డితోనూ ఉన్న పెళ్ళలు ఇటుకల్లా పేర్చి కట్టింది, నా గుండెల దాకా నిటారుగా ఉంది. బంతి దాని పాదానికి అతుక్కుని ఉంది. ఒకసారి కొడితే గోడకు తగిలి నా బూటు పక్కకు వచ్చింది, మళ్ళీ కొడితే మళ్ళీ అక్కడికే. అప్పుడు క్యాడీ వెనక్కి చేయి చూపించాడు. జెండాకు వీపు పెట్టి, వచ్చిన దారి వైపు కొట్టి బయటపడ్డాను. ఆరు దెబ్బలు. పటంలో ఆ బంకర్ బఠానీ గింజంత నల్ల చుక్క.

పద్నాలుగులోని హెల్ బంకర్‌ను క్యాడీ సలహాతో చాలా దూరం నుంచే తప్పించాను. 1995లో జాక్ నిక్లాస్ అంతటివాడు అందులో పడి ఆ హోల్‌లో పది దెబ్బలు కొట్టాడు కాబట్టి, ఎడమకు తిరిగి ఐదో ఫెయిర్‌వే మీదుగా చుట్టు తిరిగి రావడం నాకు నామోషీ అనిపించలేదు. పదిహేడో టీ దగ్గర మాత్రం తప్పించుకునే దారి లేదు. ఎదురుగా ఫెయిర్‌వే కనబడదు. హోటలు ఆవరణలో షెడ్డు, దాని గోడ మీద హోటలు పేరు పెద్ద అక్షరాలతో ఉంటాయి. ఆ పేరులో ఫలానా అక్షరం మీదుగా కొట్టాలని క్యాడీ చెబుతాడు. ఆటగాడి శక్తిని బట్టి అక్షరం మారుతుంది. నాకు ఆయన అక్షరమేదీ చెప్పలేదు, షెడ్డుకు బాగా ఎడమగా కొట్టమన్నాడు. నాలుగో దెబ్బకు గ్రీన్ ముందుకు చేరాను. అక్కడ ఎడమవైపు రోడ్ బంకర్, కుడివైపు వెనుక నిజమైన రోడ్డు, దాని అవతల రాతి గోడ. 1978లో జపాన్ ఆటగాడు టామీ నకజిమా గ్రీన్ మీదికి చేరిన బంతిని పటర్‌తో కొట్టి ఆ బంకర్‌లోకి దొర్లించుకుని తొమ్మిదితో ముగించాడని నాకు తెలుసు. తెలిసి కుడికి ఎక్కువ కొట్టాను. బంతి గ్రీన్ దాటి రోడ్డు మీద రెండు గెంతులు గెంతి గోడ మొదట్లో ఆగింది. ఎనిమిది.

పద్ధెనిమిదో టీ నుంచి కొట్టి, స్విల్కన్ వంతెన ఎక్కేసరికి ఎనిమిదిన్నర దాటింది, ఎండ ఇంకా ఉంది. కెనడా అమ్మాయి నా ఫోనుతో నాకొక ఫోటో తీసింది. రెండో దెబ్బ గ్రీన్ ముందున్న పల్లంలో ఆగింది. వ్యాలీ ఆఫ్ సిన్ అనే ఆ పల్లం నుంచే 1995లో ఇటలీ ఆటగాడు కాస్టాంటినో రోకా అరవై అడుగులకు పైగా పట్ చేసి బంతిని హోల్‌లో పడేశాడు. నేను పటర్ పట్టుకుని తలెత్తితే, కుడివైపు తెల్ల కంచె దగ్గర మెడలో ఆసుపత్రి గుర్తింపు కార్డు ఇంకా తీయకుండా మా బావమరిది నిలబడి ఉన్నాడు. డ్యూటీ నుంచి నేరుగా వచ్చినట్టున్నాడు. నా మొదటి పట్ వాలు ఎక్కలేక తిరిగి నా కాళ్ళ దగ్గరికే దొర్లి వచ్చింది. కంచె పొడవునా ఉన్నవాళ్ళు అయ్యో అన్నారు. రెండోది ఆరడుగుల దగ్గర ఆగింది, మూడోది పడింది. ఐదు. మొత్తం 97.

చేతులు కలిపి, క్యాడీకి ఇవ్వవలసింది ఇచ్చి కంచె దగ్గరికి వెళ్ళాను. స్కోరు కార్డు అడిగి తీసుకుని, రోగి రిపోర్టు చూసినట్టు పై నుంచి కింది దాకా వేలు పెట్టి చదివాడు.

“పదకొండులో ఆరేమిటి బావగారూ?”

“స్ట్రాత్.”

“ఆదివారం మీ పుస్తకంలో రాసుకున్నారు కదా అది.”

“రాసుకున్నాను.”

కార్డు మడిచి నా జేబులో పెట్టాడు. కారు దాకా నడుస్తూ, సెప్టెంబరులో వాడికి ఇంకా నాలుగు రోజుల సెలవు మిగిలి ఉందనీ, ఊరికే అడుగుతున్నాననీ, ఆ నెలలో నాకు ఆడిట్ల గడువులు ఎప్పటితో ముగుస్తాయనీ అడిగాడు.